మత్తు మందు ఎక్కిస్తుంటే చెయ్యి భగ్గుమంటుందా? అసలు కారణం ఇదే.. ఆ మంటని ముందే తగ్గించొచ్చు!

ఆపరేషన్ అయిపోతుంది. కుట్లు మానిపోతాయి. కానీ చాలామందికి ఒక విషయం మాత్రం గుర్తుండిపోతుంది. ఆపరేషన్ టేబుల్ మీద పడుకున్నాక, చేతికి పెట్టిన సూదిలోంచి తెల్లటి మందు ఎక్కిస్తుంటే ఒక్కసారిగా పుట్టిన మంట. చెయ్యంతా కాలిపోతున్నట్టు, నరం గుంజేస్తున్నట్టు అనిపిస్తుంది. "డాక్టర్, మంటగా ఉంది" అనేలోపే నిద్ర పట్టేస్తుంది. లేచాక బయట ఉన్నవాళ్లకి మొదట చెప్పే మాట కూడా అదే.

అది విన్న ఇంట్లోవాళ్లకి సహజంగానే డౌట్లు వస్తాయి. మందు పడలేదా? రియాక్షన్ వచ్చిందా? సూది తప్పు చోట గుచ్చారా? చాలా కేసుల్లో ఈ మూడూ కాదు. అది ఆ మందుకి ఉన్న గుణం. డాక్టర్లకి దాదాపు 40 ఏళ్లుగా తెలిసిన సమస్య. ముఖ్యమైన విషయం ఏంటంటే, దీన్ని బాగా తగ్గించే పద్ధతులు ఉన్నాయి. వాటికి పెద్దగా ఖర్చు కూడా కాదు.

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఉండేవాళ్లకి ఇది దూరపు సంగతి కాదు. మేడ్చల్ మీదుగా 44వ నంబర్ నేషనల్ హైవే, శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి, ఈ రెంటినీ కలుపుతూ ఔటర్ రింగ్ రోడ్డు. యాక్సిడెంట్ జరిగి కాలో చెయ్యో విరిగితే ఆపరేషన్ తప్పదు. అపెండిక్స్, గాల్ బ్లాడర్‌లో రాళ్లు, హెర్నియా, పిల్లలకి టాన్సిల్స్.. ఇలా ఏదో ఒక ఆపరేషన్ కోసం ఘన్‌పూర్‌లోని మెడిసిటీ, సూరారంలోని మల్లారెడ్డి లాంటి టీచింగ్ హాస్పిటళ్లకో, దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌కో, లేదంటే సిటీలోని గాంధీ, ఉస్మానియాకో వెళ్తుంటారు. ఎక్కడికి వెళ్లినా పూర్తి మత్తు ఇచ్చే పద్ధతి దాదాపు ఒకటే. అందుకే ఈ మంట గురించి ముందే తెలుసుకోవడం మంచిది.

అన్ని మత్తులూ ఒకటి కాదు

మన దగ్గర అన్నింటినీ కలిపి 'మత్తు సూది' అనేస్తాం. నిజానికి ఇందులో మూడు రకాలు ఉన్నాయి.

మొదటిది లోకల్. పన్ను పీకేటప్పుడో, చిన్న గడ్డ కోసేటప్పుడో ఆ చోటు వరకే తిమ్మిరి ఎక్కించడం. రెండోది నడుముకి ఇచ్చే మత్తు, అంటే స్పైనల్. సిజేరియన్లు ఎక్కువగా దీంతోనే చేస్తారు. ఇందులో పేషెంట్ మెలకువగానే ఉంటారు, నడుము కింది భాగం మాత్రం మొద్దుబారిపోతుంది. మూడోది జనరల్ అనస్థీషియా. అంటే పూర్తిగా స్పృహ లేకుండా నిద్రపుచ్చడం.

ఈ మూడో రకంలో మొదటి ఒకటి రెండు నిమిషాలని 'ఇండక్షన్' అంటారు. మెలకువ నుంచి మత్తులోకి దించే టైమ్ ఇది. చేతి నరంలో ముందే పెట్టిన క్యాన్యులా లోంచి వరుసగా మందులు ఎక్కిస్తారు. నొప్పి తగ్గించేది ఒకటి, నిద్రపుచ్చేది ఒకటి, కండరాలు వదులయ్యేలా చేసేది ఇంకొకటి. మనం మాట్లాడుకుంటున్న మంట వచ్చేది సరిగ్గా ఈ దశలోనే.

ఆ తెల్ల మందు ఏంటి?

పాలలా తెల్లగా కనిపించే ఆ మందు పేరు ప్రోపోఫాల్. ప్రపంచంలో జనరల్ అనస్థీషియాకి ఇప్పుడు ఎక్కువగా వాడేది ఇదే. 1973లో బ్రిటన్‌కి చెందిన ఐసీఐ కంపెనీలో పనిచేసే జాన్ బెయిర్డ్ గ్లెన్ ఈ మందుకి మత్తు ఇచ్చే శక్తి ఉందని గుర్తించారు. ఆయన పశువుల డాక్టర్ కావడం విశేషం. ఈ పరిశోధనకే 2018లో ఆయనకి వైద్యరంగంలో ఎంతో పేరున్న లాస్కర్ అవార్డు వచ్చింది.

ప్రోపోఫాల్ నీళ్లలో కరగదు. అదే అసలు చిక్కు. 1977లో మనుషుల మీద మొదటిసారి ట్రయల్స్ చేసినప్పుడు క్రెమోఫోర్ అనే రసాయనంలో కలిపి ఇచ్చారు. దాంతో కొందరికి తీవ్రమైన అలర్జీలు రావడంతో ఆ రూపాన్ని పక్కన పెట్టేశారు. తర్వాత సోయాబీన్ నూనె, గుడ్డు సొన నుంచి తీసే లెసిథిన్, గ్లిజరాల్ కలిపి నీళ్లలో చిన్న చిన్న నూనె బిందువులుగా తేలేలా తయారు చేశారు. ఆ తెల్ల రంగు ఈ నూనె బిందువుల వల్ల వచ్చిందే. 1986లో బ్రిటన్‌లో, 1989లో అమెరికాలో వాడకానికి వచ్చింది.

ఇంజెక్షన్ మందుల తయారీ మేడ్చల్ జిల్లా వాళ్లకి కొత్త కాదు. దుండిగల్‌లో గ్లాండ్ ఫార్మా, శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీ ఉన్న ఏరియా ఇది. అక్కడ పనిచేసేవాళ్లకి బాగా తెలిసిన సూత్రం ఒకటుంది. మందు ఒకటే అయినా, దాన్ని దేనిలో కలిపారన్నదాన్ని బట్టి ఒంట్లో దాని తీరు మారుతుంది. ప్రోపోఫాల్ మంట కథలో కూడా ఇదే కీలకం.

ఇంత మంట ఉన్నా డాక్టర్లు దీన్నే ఎందుకు వాడుతున్నారంటే లాభాలు ఎక్కువ కాబట్టి. ఎక్కించిన 30 నుంచి 40 సెకన్లలో నిద్ర పడుతుంది. లేచాక తల బరువు తక్కువ. వాంతులు కూడా తక్కువ. పొద్దున ఆపరేషన్ చేసి సాయంత్రం ఇంటికి పంపే డే కేర్ సర్జరీలు పెరగడంలో ఈ మందు పాత్ర చాలా ఉంది.

మంట ఎందుకు పుడుతుంది?

ప్రోపోఫాల్ ఫినాల్ జాతికి చెందిన రసాయనం. ఫినాల్ చర్మానికి తగిలితేనే మండుతుంది. నరం లోపలి పొర ఇంకా సున్నితం.

సీసాలోని మందులో ఎక్కువ భాగం నూనె బిందువుల లోపలే ఉంటుంది. అది నరం గోడకి నేరుగా తగలదు. కానీ కొంచెం మందు మాత్రం నూనె బయట, నీళ్ల భాగంలో విడిగా ఉంటుంది. మంట పెట్టేది ఈ కొంచెమే.

ఇందులో రెండు స్టెప్పులు ఉన్నాయి. మొదటిది వెంటనే వచ్చే చురుకు. విడిగా ఉన్న మందు నరం లోపలి పొరని, అక్కడి నొప్పి తెలిపే కొసలని రేపడం వల్ల ఇది వస్తుంది. రెండోది 10 నుంచి 20 సెకన్ల తర్వాత చెయ్యి పైకి పాకే మంట. మందు తగిలాక అక్కడి రక్తంలో బ్రాడికైనిన్ అనే పదార్థం తయారవుతుంది. అది నరాన్ని వెడల్పు చేస్తుంది, గోడని వదులు చేస్తుంది. దాంతో మందు ఇంకా లోపలికి వెళ్లి నొప్పి తెలిపే కొసలకి మరింత తగులుతుంది. మంట ముదురుతుంది.

చిన్న నరంలో ఈ గోల ఇంకా ఎక్కువ. అరచేతి వెనక కనిపించే సన్న నరంలో రక్తం పారేది తక్కువ. మందు పలచబడదు. చిక్కగానే గోడకి రాసుకుంటూ వెళ్తుంది. అదే మోచేతి మడతలోని లావు నరం అయితే రక్తం జోరుగా పారుతుంది. మందు మధ్యలో కొట్టుకుపోతుంది, గోడకి తగిలేది తక్కువ.

ఎంతమందికి వస్తుంది?

ముందు జాగ్రత్త ఏమీ లేకుండా ప్రోపోఫాల్ ఇస్తే 10 మందిలో దాదాపు ఆరేడుగురికి ఎంతో కొంత నొప్పి ఉంటుంది. 2000లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణలో ఇది దాదాపు 70 శాతం అని, 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఇంకో విశ్లేషణలో దాదాపు 60 శాతం అని తేలింది. రెండోదాంట్లో 177 ట్రయల్స్, 25 వేలకి పైగా పెద్దవాళ్ల వివరాలు చూశారు.

అంటే మంట వచ్చినవాళ్లు ఎక్కడో ఒకళ్లిద్దరు కాదు. మంట రానివాళ్లే తక్కువ. 1999లో అమెరికాలో అనస్థీషియా డాక్టర్లని అడిగితే, రోజూ ఎదురయ్యే 33 చిన్న సమస్యల్లో ఈ నొప్పికి 7వ స్థానం ఇచ్చారు. ప్రాణం మీదకి రాదు, కానీ పేషెంట్లని బాగా ఇబ్బంది పెడుతుందని అర్థం.

నిద్రలో ఉన్నా చెయ్యి లాక్కుంటారు!

ఇంకో ఆశ్చర్యకరమైన విషయం ఉంది. పేషెంట్ నిద్రలోకి జారుకున్నాక గొంతులో ట్యూబ్ వేయడానికి కండరాలు వదులు చేసే మందు ఇస్తారు. అందులో రోక్యూరోనియం అనే మందు బాగా వాడకంలో ఉంది. ఇది ఎక్కిస్తుంటే స్పృహలో లేని పేషెంట్ కూడా చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంటాడు. కొందరైతే ఒళ్లంతా కదిలిస్తారు. రకరకాల స్టడీల్లో 50 నుంచి 80 శాతం మందిలో ఇది కనిపించింది. పిల్లల్లో ఇంకా ఎక్కువ.

ఈ మందుకి పులుపు గుణం ఎక్కువ. పీహెచ్ 4 దగ్గర ఉంటుంది. రక్తం పీహెచ్ 7.4. ఈ తేడా వల్ల నరం గోడ రేగి నొప్పి పుడుతుందని ఒక ముఖ్యమైన వివరణ. పేషెంట్‌కి ఇది తర్వాత గుర్తుండదు. అయినా పట్టించుకోవాల్సిందే. ఎందుకంటే చెయ్యి జోరుగా లాగితే క్యాన్యులా ఊడిపోవచ్చు. మత్తు ఎక్కుతున్న ఆ నిమిషంలో నరం దారి పోవడం మంచిది కాదు. విరిగిన ఎముక ఉన్న పేషెంట్ అయితే ఆ కదలికతో గాయానికి కూడా ఇబ్బందే.

కొన్ని సెకన్ల మంటే కదా.. అంత పట్టించుకోవాలా?

కచ్చితంగా పట్టించుకోవాలి. దీనికి మూడు కారణాలు.

ఒకటి, భయం. మెలకువలో పేషెంట్‌కి చివరిగా గుర్తుండే క్షణం అదే. ఆ క్షణం మంటతో ముగిస్తే మళ్లీ ఆపరేషన్ అంటేనే వణుకు పుడుతుంది. కాలిలో వేసిన రాడ్ తీయించుకోవాల్సినవాళ్లు, రెండోసారి ఆపరేషన్ పడ్డవాళ్లు వాయిదా వేసుకుంటూ పోవడానికి ఇలాంటి అనుభవాలు కూడా తోడవుతాయి.

రెండు, గుండె మీద భారం. ఎక్కడ నొప్పి పుట్టినా గుండె వేగం, బీపీ పెరుగుతాయి. వయసులో ఉన్నవాళ్లకి పర్వాలేదు. గుండె జబ్బు ఉన్నవాళ్లకి, పెద్ద వయసువాళ్లకి మాత్రం మత్తు మొదలయ్యే టైమ్‌లో ఇలాంటి ఎగుడుదిగుళ్లు లేకుండా చూడటమే మేలు.

మూడు, నమ్మకం. మంట వస్తుందని ముందు చెప్పకపోతే, తర్వాత పేషెంట్ ఇంట్లోవాళ్లు దాన్ని తప్పు కింద లెక్కేస్తారు. ముందే చెప్పి, తగ్గించే ప్రయత్నం చేస్తే ఆ గొడవే ఉండదు.

తగ్గించే మార్గాలు ఇవే

ఈ సమస్య మీద ప్రపంచవ్యాప్తంగా వందల ట్రయల్స్ జరిగాయి. మన దేశంలోని మెడికల్ కాలేజీల నుంచి కూడా దీనిమీద చాలా పేపర్లు వస్తుంటాయి. వాటన్నింటిలో గట్టిగా నిలబడ్డ పద్ధతులు ఇవి.

*1. నరం మార్చడం.* మందు కూడా అక్కర్లేని పద్ధతి ఇది. అరచేతి వెనక కాకుండా మోచేతి మడతలోని లావు నరంలో ఎక్కిస్తే నొప్పి రిస్క్ దాదాపు 86 శాతం తగ్గిందని 2011 విశ్లేషణ చెప్పింది. అయితే అన్ని కేసుల్లోనూ ఇది కుదరదు. మోచెయ్యి మడిస్తే సెలైన్ ఆగిపోతుంది. అక్కడే పక్కన ధమని ఉంటుంది. మందు బయటికి లీకైతే త్వరగా కనిపెట్టడం కష్టం. అందుకే డాక్టర్ చేతిని చూసి నిర్ణయిస్తారు.

*2. రబ్బరు బ్యాండ్ కట్టి లిగ్నోకైన్.* చేతి వెనక నరమే వాడాల్సి వస్తే ఇదే బెస్ట్. రక్తం తీసేటప్పుడు కట్టినట్టే ముంజేతికి బ్యాండ్ కట్టి, నరంలోకి కొంచెం లిగ్నోకైన్ ఇస్తారు. పన్ను పీకేటప్పుడు తిమ్మిరి కోసం ఇచ్చే మందు ఇదే. బ్యాండ్ వల్ల మందు పైకి పోకుండా అక్కడే నిలిచి, నరం గోడని మొద్దుబారుస్తుంది. అర నిమిషం నుంచి 2 నిమిషాలు ఆగి బ్యాండ్ వదిలి, అప్పుడు ప్రోపోఫాల్ ఎక్కిస్తారు. 2000 నాటి విశ్లేషణ ప్రకారం 10 మందికి ఇలా చేస్తే, మామూలుగా అయితే నొప్పి పడాల్సినవాళ్లలో ఆరుగురు దాకా తప్పించుకుంటారు. ఖర్చు కొంచెం మందు, ఒక రబ్బరు బ్యాండ్, ఒక నిమిషం టైమ్. అంతే.

*3. లిగ్నోకైన్‌ని ప్రోపోఫాల్‌లో కలపడం.* బ్యాండ్ లేకుండా, సిరంజిలోనే కొంచెం లిగ్నోకైన్ కలిపి ఎక్కించడం. ఇది సులువు కాబట్టి చాలాచోట్ల చేస్తారు. కానీ ఎక్కువ కలిపినా, కలిపి చాలాసేపు ఉంచినా నూనె బిందువులు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవవుతాయి. అవి రక్తంలోకి వెళ్తే ఊపిరితిత్తులకి ప్రమాదం. అందుకే తక్కువ మోతాదులో, ఎక్కించే ముందు మాత్రమే కలపాలన్నది రూల్.

లిగ్నోకైన్ మీద 2016లో కాక్రేన్ సంస్థ 85 స్టడీలని కలిపి చూసింది. మందు ఇవ్వనివాళ్లలో దాదాపు 64 శాతం మందికి నొప్పి వస్తే, లిగ్నోకైన్ ఇచ్చినవాళ్లలో అది 30 శాతానికి తగ్గింది. తట్టుకోలేనంత నొప్పి అయితే 38 శాతం నుంచి 12 శాతానికి పడిపోయింది. పూర్తిగా పోదు, కానీ తేడా చాలా పెద్దది.

*4. ముందుగా నొప్పి మందు.* ఫెంటానిల్ లాంటి మందు ఎలాగూ ఇండక్షన్‌లో ఇస్తారు. దాన్ని ప్రోపోఫాల్‌కి కొన్ని నిమిషాల ముందే ఇస్తే మంట కొంత తగ్గుతుంది. తక్కువ మోతాదు కెటమిన్ కూడా పనిచేస్తుంది. కొందరికి రెండు మూడు పద్ధతులు కలిపి వాడతారు.

*5. మందు రూపం మార్చడం.* సోయాబీన్ నూనెతో పాటు కొబ్బరి లాంటి నూనెల్లో ఉండే మీడియం చైన్ కొవ్వులు కలిపిన ప్రోపోఫాల్ కూడా ఉంది. డాక్టర్లు దీన్ని 'ఎంసీటీ-ఎల్‌సీటీ' అంటారు. ఇందులో నూనె బయట విడిగా ఉండే మందు తక్కువ. కాబట్టి మంట కూడా తక్కువ.

*6. రోక్యూరోనియం విషయంలో.* దీనికి కూడా ముందు లిగ్నోకైన్ ఇవ్వడం, బ్యాండ్ కట్టడం పనిచేస్తాయి. సోడా బైకార్బనేట్‌తో పులుపు తగ్గించి ఇచ్చినప్పుడు చెయ్యి లాక్కోవడం బాగా తగ్గిందని స్టడీలు చెబుతున్నాయి.

ఇవి కాక అందరికీ తెలిసిన చిన్న చిన్న జాగ్రత్తలు కూడా ఉన్నాయి. మంచి నరం వెతకడం, సెలైన్ జోరుగా పారుతున్నప్పుడు మందు ఎక్కించడం, "కొంచెం మంటగా ఉంటుందండీ, పది సెకన్లే" అని ముందే చెప్పడం. మందు చేయలేని పని కొన్నిసార్లు ఆ ఒక్క మాట చేస్తుంది.

మైకేల్ జాక్సన్ కేసులోనూ ఈ రెండు మందులే

ప్రోపోఫాల్ పేరు ప్రపంచమంతా తెలిసింది 2009 జూన్ 25న. పాప్ స్టార్ మైకేల్ జాక్సన్ చనిపోయింది ఈ మందు మోతాదు మించడం వల్లే. ఆయన రక్తంలో ప్రోపోఫాల్‌తో పాటు లిగ్నోకైన్ కూడా కనిపించింది. ఎందుకో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. మంట తెలియకుండా ఉండటానికి కలిపేది అదే.

అయితే ఆ కేసు చూసి మందుకే భయపడాల్సిన పని లేదు. ఆయనకి ఆ మందు ఇచ్చింది ఇంట్లో, నిద్ర కోసం. ప్రోపోఫాల్ ఇస్తే శ్వాస మందగిస్తుంది, బీపీ పడిపోతుంది. అందుకే ఆక్సిజన్, మానిటర్లు, ట్యూబ్ వేసే సామాను, పక్కనే మత్తు డాక్టర్ ఉన్న చోట మాత్రమే ఇది వాడాలి. ఆపరేషన్ థియేటర్‌లో ఇవన్నీ రెడీగా ఉంటాయి. ప్రమాదం మంటలో లేదు, కాపలా లేకుండా వాడటంలో ఉంది.

పిల్లల సంగతేంటి?

పిల్లల చేతి నరాలు సన్నగా ఉంటాయి. కాబట్టి మంట ఎక్కువ. పైగా చెప్పుకోలేరు, ఏడుస్తారు. అందుకే చిన్నపిల్లలకి చాలాసార్లు మాస్క్ పెట్టి సెవోఫ్లూరేన్ అనే వాయువు పీల్పించి నిద్రపుచ్చుతారు. నిద్ర పట్టాకే సూది గుచ్చుతారు.

సూదితోనే మొదలుపెట్టాల్సి వస్తే, గుచ్చే చోట తిమ్మిరి ఎక్కించే క్రీమ్ గంట ముందు రాసే పద్ధతి ఉంది. అయితే ఇది సూది నొప్పికే. మందు మంటకి మళ్లీ లిగ్నోకైన్ కావాల్సిందే. పాపకో బాబుకో ఆపరేషన్ ఉంటే, తల్లిదండ్రులు ముందు రోజే ఈ రెండింటి గురించీ డాక్టర్‌ని అడగొచ్చు.

"ఏం కాదమ్మా, అసలు నొప్పే ఉండదు" అని అబద్ధం చెప్పి తీసుకెళ్లడం కంటే, "చెయ్యి కాసేపు చురుక్కుమంటుంది, వెంటనే నిద్ర వస్తుంది" అని చెప్పడమే నయం. నమ్మకం పోయిన పిల్లలు రెండోసారి హాస్పిటల్ గేటు దాటరు.

మంట వేరు.. డేంజర్ వేరు

ఇది అందరూ తెలుసుకోవాల్సిన పాయింట్. ప్రతి మంటనీ మామూలే అని వదిలేయకూడదు.

మామూలు మంట మందు ఎక్కేటప్పుడు పుట్టి కొన్ని సెకన్లలో పోతుంది. లేచేసరికి చేతికి ఏమీ ఉండదు. మహా అయితే నరం మీద కాస్త సలుపు.

సూది నరంలోంచి పక్కకి జరిగి మందు కండలోకి లీకైతే కథ వేరు. సూది చుట్టూ వాపు వస్తుంది, చల్లగా, బిగుతుగా అనిపిస్తుంది. నొప్పి తగ్గకుండా పెరుగుతుంది. ఉత్త సెలైన్ ఎక్కించినా మంటగా ఉందంటే అది అనుమానించాల్సిన విషయమే. ఇది పేషెంట్ మెలకువగా ఉన్నప్పుడే చెప్పాలి. నిద్రపోయాక చెప్పేవాళ్లు ఉండరు. పాత మత్తు మందు థయోపెంటాల్‌కి క్షార గుణం చాలా ఎక్కువ. అది బయటికి లీకైనా, పొరపాటున ధమనిలోకి వెళ్లినా కండకి, వేళ్లకి పెద్ద నష్టం జరుగుతుంది. అందుకే "మంటగా ఉంది" అని పేషెంట్ అంటే డాక్టర్ ఒక్క క్షణం ఆగి సూది చూసుకుంటారు. ఆ మాట చెప్పడానికి మొహమాటపడాల్సిన పనే లేదు.

అలర్జీ ఇంకో రకం. ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం, పెదాల వాపు, బీపీ పడిపోవడం. ఇది చేతికే పరిమితం కాదు. పాత ఆపరేషన్‌లో ఇలాంటిది జరిగి ఉంటే, దాన్ని మంటతో కలిపేయకుండా విడిగా చెప్పాలి. డిశ్చార్జ్ కాగితాలు ఉంటే వెంట తీసుకెళ్లాలి.

ఇంటికి వచ్చాక సూది పెట్టిన చోట ఎర్రబడటం, తాడులా గట్టిపడటం, చీము, జ్వరం కనిపిస్తే మళ్లీ చూపించుకోవాలి.

మత్తు డాక్టర్‌కి ఇవి చెప్పండి

ఆపరేషన్‌కి ముందు 'ఫిట్‌నెస్' కోసం మత్తు డాక్టర్ దగ్గరికి పంపుతారు. చాలామంది దాన్ని ఒక సంతకం పనిగా చూస్తారు. నిజానికి మంట తగ్గించే ప్లాన్ మొదలయ్యేది అక్కడే.

- పోయినసారి మత్తు ఇచ్చినప్పుడు చెయ్యి బాగా మండిందా, వాచిందా అన్నది చెప్పాలి.
- గుండె జబ్బు, గుండె కొట్టుకోవడంలో తేడా, ఫిట్స్ ఉంటే చెప్పాలి. లిగ్నోకైన్ ఇవ్వాలా వద్దా, ఎంత ఇవ్వాలి అన్నది దీన్ని బట్టి ఉంటుంది.
- పంటి డాక్టర్ దగ్గర తిమ్మిరి ఇంజెక్షన్ పడలేదంటే అది కూడా చెప్పాలి.
- గుడ్డు, సోయా పడకపోతే చెప్పాలి. గుడ్డు అలర్జీ సాధారణంగా తెల్లసొనలోని ప్రొటీన్లకి ఉంటుంది, మందులో వాడేది పచ్చసొన లెసిథిన్. కాబట్టి ఎక్కువమందికి ఇబ్బంది ఉండదు. కానీ ఆ నిర్ణయం డాక్టర్‌దే.
- కీమో తీసుకున్నవాళ్లు, డయాలసిస్ చేయించుకునేవాళ్లు ఏ చేతి నరాలు వాడకూడదో ముందే చెప్పాలి.
- "మంట తగ్గడానికి ముందు ఏమైనా ఇస్తారా?" అని అడగొచ్చు. ఇది డాక్టర్‌ని తప్పుపట్టే ప్రశ్న కాదు.

కడుపు ఖాళీ విషయంలోనూ కొంత క్లారిటీ కావాలి. మామూలుగా తేలికపాటి తిండికి 6 గంటలు, నూనె, మాంసం లాంటి బరువు తిండికి 8 గంటలు గ్యాప్ ఉండాలి. ఉత్త నీళ్లకి మాత్రం 2 గంటలు చాలు. చాలామంది భయంతో ముందు రాత్రి నుంచే చుక్క నీళ్లు ముట్టరు. ఒళ్లు ఎండిపోతే నరాలు దొరకవు. దొరికిన సన్న నరంలోనే మందు ఎక్కించాల్సి వస్తుంది, మంట పెరుగుతుంది. నీళ్లు ఎప్పటిదాకా తాగొచ్చో డాక్టర్‌ని అడిగి, అప్పటిదాకా తాగడమే మంచిది. షుగర్, కిడ్నీ, గ్యాస్ సమస్యలు ఉన్నవాళ్లకి, గర్భిణులకి రూల్స్ మారొచ్చు.

మత్తు చరిత్రలో మన హైదరాబాద్

మత్తు మందు ఎంత సేఫ్ అన్న ప్రశ్నకి ప్రపంచం ఒకప్పుడు హైదరాబాద్ వైపు చూసింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో, 1888, 1889లో ఇక్కడ రెండు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ వాటికి నాయకుడు. నిజాం డబ్బు ఇచ్చారు. రెండో కమిషన్ కోసం లండన్ నుంచి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే డాక్టర్ వచ్చారు. అదే కాలంలో హైదరాబాద్ మెడికల్ స్కూల్‌లో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలోనే తొలి మహిళా అనస్థీషియా డాక్టర్లలో ఒకరిగా చెబుతారు.

క్లోరోఫాం గుండెని నేరుగా ఆపదు, శ్వాస చూసుకుంటే చాలు అన్నది లారీ వాదన. అది పూర్తిగా నిజం కాదని తర్వాత తేలింది. క్లోరోఫాం గుడ్డ మీద పోసి పీల్పించేవాళ్లు కాబట్టి నరంలో మంట లేదు. కానీ ప్రాణానికి గ్యారంటీ కూడా తక్కువే. ఇప్పుడు లెక్క తిరగబడింది. మత్తు చాలా సేఫ్ అయింది, మిగిలింది చేతిలో పది సెకన్ల మంట. దానికీ మందు ఉంది.

చివరిగా..

ఆపరేషన్ టేబుల్ మీద మంట పుడితే కంగారు పడొద్దు. నోరు మూసుకుని ఓర్చుకోవాల్సిన అవసరం కూడా లేదు. చెప్పాలి. అంతకంటే ముందు, ఫిట్‌నెస్ రోజునే మత్తు డాక్టర్‌తో రెండు నిమిషాలు మాట్లాడుకోవాలి. మంచి నరం, కొంచెం లిగ్నోకైన్, ఒక నిమిషం ఓపిక.. చాలామందికి ఈ మూడూ సరిపోతాయి.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఏ మందు, ఎంత మోతాదు, ఏ పద్ధతి అన్నది పేషెంట్ పరిస్థితిని బట్టి అనస్థీషియా డాక్టర్ నిర్ణయిస్తారు. అనుమానాలు ఉంటే మీ డాక్టర్‌నే సంప్రదించండి.)